బొంత చుట్టూ కూర్చునే పద్ధతి

బస్సు కండక్టరు ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో కూర్చున్నాక గానీ, మా ఆవిడ మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో నాకు తెలియలేదు. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం పోయే రూటులోనే నా ఉద్యోగమంతా గడిచింది. కాపురం పుంగనూరులో. ఇంటికి తినడానికీ పడుకోవడానికీ వచ్చేవాణ్ణి, అంతే. ఇప్పుడు పగలంతా ఇంట్లో ఉంటున్నాను కాబట్టి ఒక సంగతి కంటబడింది. అన్నాలు తిన్నాక గిన్నెలు కడిగి బోర్లించి, ఆమె ఒక మూట చంకన పెట్టుకుని బయటికి పోతుంది. చీకటి పడే లోపల తిరిగొస్తుంది.

"యాడికి పోతాండావు?" అని ఒకరోజు అడిగాను.

"బొంతకు," అంది.

"బొంత కొనేకా?"

"కుట్టేకి. ఇన్నేండ్లుగా పోతాండాను. ఈ పొద్దు కనపడిందా నీకు?"

బొంతలు నాకు కొత్త కాదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగుల ముక్కలు అతికించి, దగ్గర దగ్గరగా చేత్తో కుట్టేది. మా వైపు చలికి రగ్గు కంటే అదే నయం. మా ఇంట్లో ఉన్న బొంతలు ఎక్కడివని నేనెప్పుడూ అడగలేదు. బస్సులో ఆడవాళ్ళు పాతబట్టల మూటలు ఎక్కిస్తుంటే లగేజీ టికెట్టు కొట్టడం తప్ప, ఆ మూటలు ఎక్కడికి పోతాయో ఆలోచించలేదు.

ఆమెకు మోకాలి నొప్పి ఉంది. మూట నేను మోస్తానని వెంట బయలుదేరాను. మోయడం సాకు, అసలు సంగతి చూడాలన్న కుతూహలం.

మా వీధి చివర ఒక చింతపండు గోడౌను ఉంది. సీజనులో బస్తాలతో నిండిపోతుంది, మిగతా రోజులు ఖాళీ. యజమాని తాళం చెవి ఈ ఆడవాళ్ళకు ఇచ్చేశాడు, ఊడ్చి శుభ్రంగా పెడతారు కదా అని. లోపల అడుగుపెడితే పులుపు వాసన. నేల మీద మంచమంత వెడల్పున ఒక బొంత పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. దాని చుట్టూ పదిమందికి పైగా కూర్చుని కుడుతున్నారు. అంచు నుంచి మొదలుపెట్టి వరస వెంట వరస లోపలికి పోతారు. కుట్టు లోపలికి జరిగే కొద్దీ మనుషులూ జరుగుతారు, కుట్టిన మేర మీదే కూర్చుంటారు. చివరికి నడుమన అందరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతాయి.

"మగోళ్ళకు ఈడ పని లేదన్నా," అని కిరాణా కొట్టు నడిపే ఆమె నన్ను చూసి గట్టిగా నవ్వింది. అందరూ ఆమెను కొట్టక్క అంటారు.

"సూదుల్లో దారం ఎక్కిస్తాడులే, కండ్లు బాగుండాయి," అంది మా ఆవిడ. అలా నాకొక పని దొరికింది. చూపు మందగించిన వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు అక్కడ. నేనొక పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఇంకో పని కూడా నాకే వచ్చిపడింది. మదనపల్లెలో దర్జీల వీధిలో కత్తిరించగా మిగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు. అప్పుడప్పుడూ బస్సెక్కి పోయి ఒక గోతం నిండా తెచ్చేవాణ్ణి. నా పాత బస్సులోనే, లగేజీ టికెట్టు కొట్టించుకుని మరీ.

కూర్చుని చూస్తుంటే నాకొక ప్రశ్న పుట్టింది. బస్సులో అయితే సంచీ, విజిలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు చెప్పినట్టు జరుగుతుంది. ఇక్కడ ఎవరు చెబితే జరుగుతోంది? తర్వాతి బొంత ఎవరిదో ఎవరు తేలుస్తారు? మా ఆవిడను అడిగితే, "ఎవురూ లేరు, అట్ల జరిగిపోతాది," అంది. కొట్టక్కను అడిగితే, "మీ ఆవిడే గదా చెప్పేది," అంది. రెండు ఆవుల్ని పెట్టుకుని పాలు పోసే ఒకామె ఉంది, పాలక్క. ఆమె, "కొట్టక్క గొంతే గదన్నా పెద్దది," అంది. పూలు కట్టి అమ్మే పూలక్కను అడిగితే తలెత్తి ఒకసారి నవ్వి మళ్ళీ కుట్టులో పడిపోయింది. ఆమె మాట్లాడడం చాలా అరుదు.

కొన్నాళ్ళకు పద్ధతి కొంత కొంత అర్థమైంది. ఒకసారికి ఒకే బొంత. ఎవరి బొంతయితే వాళ్ళ పాతచీరలే పొరలకు వాడాలి. ఇంట్లో కాన్పు ఉన్నవాళ్ళకు మొదటి వంతు, ఆ తర్వాత మంచాన పడినవాళ్ళు ఉన్న ఇంటికి, ఆ తర్వాత మిగిలినవాళ్ళకు. బొంత పూర్తయ్యేదాకా అందరికీ కాఫీ, బొరుగులు తేవలసింది ఆ బొంత తాలూకు మనిషే. కాఫీ బాగుంటే పని నెమ్మదిగా సాగుతుందని వాళ్ళలో వాళ్ళకొక నవ్వు. ఇవన్నీ ఎవరూ ఎప్పుడూ పెట్టుకున్న షరతులు కావు. అడిగితే, "అంతే గదా, ఇంకెట్ల చేస్తారు?" అంటారు.

అందరికంటే ముందొచ్చి తలుపు తీసేది పెద్దక్క. వయసులో పెద్దది, అందుకే ఆ పిలుపు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఒక వెదురు బుట్టలో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క రంగు గుడ్డ ఉండ ఉండేది, సూదులు గుచ్చి పెట్టుకోవడానికి. ఆమె నేల ఊడ్చి, బొంత పరిచి, ఆ ఉండల్ని చుట్టూ పెట్టేది. ఎవరి ఉండ ఎక్కడుంటే వాళ్ళు అక్కడ వచ్చి కూర్చునేవాళ్ళు. సూదులు అందించడానికి అలా పెడుతోందనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక పెద్దక్కను ఆమె కూతురు కుప్పం తీసుకుపోయింది. ఆ అమ్మాయి రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోతుంది, ఇంట్లో పెద్ద దిక్కు కావాలి. పెద్దక్క బుట్ట మా ఆవిడకిచ్చి, "సూదులు తుప్పు పట్టకుండా సూసుకో," అని మాత్రం చెప్పి వెళ్ళింది.

ఆమె పోయాక మొదలుపెట్టిన మొదటి బొంత పాలక్కది. కూతురు తొలికాన్పుకు వచ్చి ఉంది, బిడ్డకు అడుగున పరవడానికి బొంత కావాలి. బుట్ట నడుమన పెట్టారు, ఎవరి ఉండ వాళ్ళు తీసుకుని నచ్చిన చోట కూర్చున్నారు. నాకేమీ తేడా కనిపించలేదు. పైగా మునుపటి కంటే సందడిగా ఉంది. కొట్టక్క పక్కన ఆమెకు కావలసినవాళ్ళంతా చేరి ఒకటే కబుర్లు. ఎదుటి వైపు పూలక్క, ఇంకొందరు మౌనంగా తలవంచుకుని కుట్టుకుంటున్నారు.

నడుముకు వచ్చేసరికి బొంత పొంగింది. ఒక వైపు నుంచి గుడ్డ తోసుకొచ్చి, నడుమన కొంచెం పక్కగా, కింద పిల్లి పడుకున్నట్టు లేచింది. అరచేత్తో నొక్కితే ఇంకో చోట లేస్తోంది. ఇంకో వైపు చూస్తే గుడ్డ ముడుచుకుపోయి అంచు లోపలికి లాక్కుపోయింది. రాళ్ళు పెట్టినా సాపు కాలేదు.

"ఇదంతా నీ కుట్టే," అంది కొట్టక్క పూలక్క వైపు చూసి. "పూలదండ కట్టినట్టు బిగించేస్తే గుడ్డ యాడికి పోతాది?"

పూలక్క సూది కిందపెట్టింది. "నీ కుట్లలో వేలు దూర్తాది సూడు," అంది. ఆమె నోట అంత పెద్ద మాట వినడం అందరికీ అదే మొదలు. లేచి చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమెతో ఇంకొకామె కూడా లేచింది.

మరుసటి రోజు వాళ్ళిద్దరూ రాలేదు. ఎవరో ఒకరు పెద్దగా ఉండాలి, పెద్ద లేకే ఇట్లయింది అని అంతా ఒక మాటకొచ్చి కొట్టక్కను ప్రెసిడెంటును చేశారు. ఆ రోజు మాటల్లోనే పొద్దు వాలింది. ఆ మర్నాడు, ప్రెసిడెంటు ఉన్నప్పుడు సెక్రెటరీ ఉండాలా వద్దా అన్నదాని మీద వాదన నడిచింది. బొంత మడిచి ఒక మూలన పెట్టి ఉంది. పాలక్క రోజూ కాఫీ తెచ్చేది, పోసి ఇచ్చేది, మడిచిన బొంత వైపు చూసి మళ్ళీ చెంబు పట్టుకుని పోయేది. ఆ లోపలే కూతురికి కాన్పయింది, ఆడపిల్ల. "పోనీలేక్కా, దుప్పటి ఉండాది గదా," అని మా ఆవిడతో అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూసి మా ఆవిడ ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు.

"కుప్పం పోదాం పా," అంది నాతో. "పెద్దక్కనే అడుగుదాం. ఇన్నాళ్ళు ఆమె ఉన్నప్పుడు ఒక్కటీ పొంగలేదు, యాల?"

కొట్టక్క తానూ వస్తానంది. ప్రెసిడెంటును గదా అంది, కానీ ఆమె గొంతులో మునుపటి ఊపు లేదు. ముగ్గురం పొంగిన బొంతను గోతంలో కుక్కుకుని బస్సెక్కాం. నేను టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళు తిరిగిన దారే అయినా కూర్చుని చూడడం కొత్త. బైరెడ్డిపల్లె దాటాక ఒక టమోటా తోటలో ఆడవాళ్ళు వరసగా వంగి కాయలు కోస్తున్నారు. వాళ్ళలో ఎవరు ఎవరి పక్కన వంగాలో ఎవరు చెబుతారా అని ఆలోచించాను. అప్పటికి నా బుర్రంతా దాంతోనే నిండిపోయింది.

పెద్దక్క కూతురి ఇల్లు కుప్పం స్టేషనుకు దగ్గర, మేడ మీద. మమ్మల్ని చూసి పెద్దక్క మొదట కంగారుపడింది, ఎవరికేమైందో అని. బొంత విప్పి పరిచాక ఊపిరి పీల్చుకుంది. మోకాళ్ళ మీద వంగి పొంగిన చోట చెయ్యి పెట్టి చూసింది.

"కొట్టక్క జట్టంతా ఒక పక్కే కూసున్నారా?"

మా ఆవిడ తలూపింది.

"నీకెట్ల తెలిసె?" అన్నాను నేను.

"నేనెప్పుడూ వాళ్ళను పక్కపక్కన పెట్టలేదప్పా. పెడితే మాటలకే పొద్దు పోతాది. మాట్లాడే మనిషికి ఆ పక్క ఈ పక్క మాట్లాడని మనుషుల్ని పెట్టేదాన్ని. పడనోళ్ళను దూరంగా పెట్టేదాన్ని. అందుకే గదా ఆ ఉండలు ముందే పెట్టేది."

"మరి బొంత సాపుగా రావడం?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? కుట్టే చేతుల్లో ఉంటాది అది," అంది.

నేను కిందకూర్చుని కుట్లు చూశాను. మాటల పోగుల వైపు కుట్లు వదులుగా ఉన్నాయి. మాట్లాడేటప్పుడు చెయ్యి గాల్లోకి లేస్తుంది, దారం పూర్తిగా లాగరు. మౌనంగా ఉన్నవాళ్ళ వైపు కుట్లన్నీ బిగువు. ఒక బిగువు చెయ్యి, ఒక వదులు చెయ్యి పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి కాబోలు. ఇప్పుడు వదులంతా ఒక వైపు, బిగువంతా ఇంకో వైపు చేరింది. నేనిది చెబితే పెద్దక్క నమ్మలేదు. "నేను తగువులు రాకుండా సూసుకున్నా, అంతే," అంది. ఆమె ఒక సంగతి చూసుకుంటే ఇంకో సంగతి దానంతటదే కుదిరిందా, లేక రెండూ ఆమె చేతులకు తెలిసి నోటికి తెలియకపోయిందా, నాకిప్పటికీ తేలలేదు.

భోజనాలయ్యాక పెద్దక్క తన గోడు చెప్పుకుంది. ఇక్కడ కూడా నలుగురిని చేర్చి బొంత మొదలుపెడదామని చూసిందట. ఆ వీధిలో తెలుగువాళ్ళు, తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు కలిసే ఉంటారు. పిలిస్తే వచ్చారు. కన్నడం ఆమె దాన్ని కౌది అంటారని చెప్పి, వాళ్ళమ్మ ఎలా కుట్టేదో చూపించింది కూడా. మొదట్లో బాగానే వచ్చారు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. మేడ గదిలో సగం బొంత చుట్టి పెట్టి ఉంది.

"ఉండల్ని జాగ్రత్తగానే పెట్టినానే. తగువే రాలేదు. అయినా యాల రారో తెల్దు," అంది పెద్దక్క. ఆమె మమ్మల్ని అడుగుతోంది! జవాబు కోసం అంత దూరం పోయింది మేమాయె.

మా ఆవిడ, "కాఫీ ఎవురు తెస్తాండారు?" అంది.

"ఇంకెవురు, నేనే. నా కూతురు బిస్కట్లు తెచ్చి పెట్టి పోతాది. దేనికీ లోటు లేదు."

"బొంత ఎవురిది?"

"నాదే. మొదటిది గదా అని నా చీరలే వేసినా."

"అదే అక్కా. నీ ఇల్లు, నీ కాఫీ, నీ చీరలు. వాళ్ళు నీ ఇంటికి వచ్చిన చుట్టాలయిపోయినారు. చుట్టాలు ఎన్నాళ్ళు వస్తారు? ఇంకొకరి చీరలు పరచనీ. వాళ్ళనే కాఫీ తేనీ."

పెద్దక్క నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. పుంగనూరులో ఆ కాఫీ పద్ధతి ఎవరు పెట్టారో ఆమెకు గుర్తు లేదట. ఆమె చేరేటప్పటికే ఉందట.

అప్పటికప్పుడు కిందకు పోయి ఇద్దరు ముగ్గురిని పిలుచుకొచ్చింది. అందరూ కలిసి పాలక్క బొంత చుట్టూ కూర్చుని, పొంగిన నడుము కుట్లన్నీ విప్పారు. కుట్టడం కంటే విప్పడం కష్టమని ఆ రోజు తెలిసింది. సూది మొనతో ఒక్కొక్క కుట్టు లేపి, దారం తెగకుండా లాగాలి. కన్నడం ఆమె పూలక్క వైపు కుట్లు వేళ్ళతో తడిమి, "ఎవురమ్మా ఇది, మెషీను మాదిరి ఉండాది," అంది మెచ్చుకోలుగా. కొట్టక్క ఆ మాట విని తల వంచుకుంది. "మా ఊర్లో ఒకామె," అని మెల్లగా చెప్పింది. "శానా బాగా కుడతాది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ కొట్టక్కతో అంది. "ఇంగ ముందొచ్చి ఉండలు పెట్టేది నువ్వే."

"నేనా? నాకు సగం మందితో పడదు గదా!"

"అందుకే. ఎవురికి ఎవురితో పడదో నీకు తెలిసినంతగా ఎవురికి తెలుసు?"

కొట్టక్కకు కోపం వచ్చింది. పలమనేరు దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత పర్సులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుంటూ, "తాళం చెవి నాకే ఇవ్వాల మరి," అంది.

దిగిన వెంటనే ఆమె ఇంటికి పోలేదు. నేను గోతం మోసుకుంటూ వెనక నడుస్తుంటే నేరుగా పూలక్క ఇంటి ముందు ఆగింది. పూలక్క అరుగు మీద మల్లెలు కడుతోంది. కొట్టక్క కింద కూర్చుని ఒక దారం అందుకుని తనూ పూలు కట్టడం మొదలుపెట్టింది, వదులు వదులుగా. పూలక్క చూసి చూసి, ఆ దండ లాక్కుని ముడి బిగించి ఇచ్చింది. నేను అక్కడ నిలబడడం బాగుండదని గోతం తీసుకుని వచ్చేశాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలియదు. మర్నాడు ఇద్దరూ కలిసే వచ్చారు.

మొదటి రోజు కొట్టక్క ఉండలు పెట్టిన తీరు చూసి అందరూ పగలబడి నవ్వారు. తనకు పడనివాళ్ళందర్నీ దూరంగా పెట్టుకుంటూ పోయి, చివరికి బొంతకు ఒక పక్కంతా తానొక్కతే మిగిలింది. "ఇంత పొడుగు నేనొక్కదాన్నే కుట్టేదా?" అని తనూ నవ్వింది. రెండో రోజు పూలక్క ఉండ తన ఉండ పక్కన పెట్టుకుంది. నడుము చేరేసరికి నేను పీట దగ్గరకు లాక్కుని చూశాను. ఒక చోట సన్నగా అల మాదిరి లేచింది గానీ, రాయి పెడితే సాపయింది. పాలక్క మనవరాలిని ఆ బొంత మీద పడుకోబెట్టిన రోజు మమ్మల్నందర్నీ పిలిచింది. బిడ్డ బొంత మీదున్న ఎర్రముక్కను గుప్పిట పట్టుకుని వదల్లేదు. ప్రెసిడెంటు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఆ పదవి ఇప్పటికీ కొట్టక్కదేనేమో.

ఇప్పుడు చింతపండు సీజను. గోడౌను నిండా బస్తాలు. బొంత మా ఇంటి వరండాకు వచ్చింది. చోటు చాలక నా పీట వాకిట్లోకి జరిగింది. పోయిన వారం పెద్దక్క వీడియో కాల్ చేసింది. కుప్పం వాళ్ళ మొదటి బొంత పూర్తయిందట, కింది వాటాలో ఉండే తమిళం ఆమెది. ఇద్దరు చెరొక కొస పట్టుకుని ఫోను ముందు ఎత్తి చూపించారు. నడుమంతా చేతికుట్టు, అంచు మాత్రం మిషను మీద కుట్టారు.

"మిషనా!" అన్నారు ఇక్కడ అందరూ ఒక్కసారిగా, ఏదో జరగరానిది జరిగినట్టు. బొంతకు మిషను తగిలిస్తే అది బొంతే కాదని కొట్టక్క అంది. అవతలి నుంచి తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోయి జవాబులు వస్తున్నాయి. పెద్దక్క అందరి వెనక గోడకు ఆనుకుని కాఫీ తాగుతోంది, వేరెవరో తెచ్చిన కాఫీ. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. గొడవ కొంచెం సద్దుమణిగాక పూలక్క లేచి నా దగ్గరకు వచ్చింది. ఫోనుకు మొహం బాగా దగ్గరగా పెట్టి, మెల్లగా అడిగింది.

"ఆ అంచు ఇంకోసారి సూపించండక్కా. మూల యెట్ల తిప్పినారు?"